దూరం బండి వెనక సీటు

మోటార్‌సైకిల్ మీద నేను ఎప్పుడూ ఒకవైపే కూర్చున్నాను. మా రోజుల్లో చీర కట్టుకున్న మనిషి ఇంకోలా కూర్చునే ప్రశ్నే లేదు. రెండు కాళ్ళూ ఎడమవైపుకి, కుడిచెయ్యి మొగుడి భుజం మీద, ఎడమచెయ్యి సీటు అంచు మీద, కొంగు నడుములోకి దోపి, ఒళ్ళో సంచి. ఇందులో వింతేముందని అప్పుడు ఎవరైనా నన్ను అడిగి ఉంటే నవ్వేదాన్ని. ఆ కూర్చోవడం మా ఆయన ప్రాణం మీదికి తెస్తుందనీ, ఆ నింద వచ్చి నా నెత్తినే పడుతుందనీ నాకేం తెలుసు.

డెబ్భైల నడిమి మాట ఇది. జీడిమెట్లలో అప్పుడప్పుడే ఫ్యాక్టరీ షెడ్లు లేస్తున్నాయి. మా షెడ్డు చుట్టూ ఇంకా సీతాఫలం పొదలుండేవి. డ్రాయింగ్ ఆఫీసులో నేనొక్కదాన్నే ఆడదాన్ని. చీఫ్ ఇంజనీరు గారు పెన్సిలుతో గీసిన బొమ్మ మీద పల్చటి కాగితం పరిచి, సిరాతో శుభ్రంగా మళ్ళీ గీయడం నా పని. మా ఆయన అదే ఫ్యాక్టరీలో బండ్లు నడిపి చూసే మనిషి. కొత్తగా చేసిన బండిని రోడ్డు మీదికి తీసుకెళ్ళి, అది ఎక్కడ ఏడుస్తుందో వచ్చి చెప్పాలి. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన ప్రభుత్వ గుమాస్తా. అల్లుడిది నానక్‌రామ్‌గూడ, మాట వేరు, యాస వేరు అని ఆయన ఎప్పుడూ అనలేదు. బండి నడిపే ఉద్యోగమేమిటమ్మా అని మాత్రం మా పెళ్ళయిన ఏడాది దాకా బెంగపడ్డాడు.

నానక్‌రామ్‌గూడ అంటే ఇప్పటి వాళ్ళకి గాజు మేడలు గుర్తుకొస్తాయి. అప్పుడు అక్కడ మా అత్తగారి ఇల్లు, నాలుగు గేదెలు, జొన్న చేలు, చేల మధ్య ఒకదాని మీద ఒకటి కూర్చున్న బండరాళ్ళు ఉండేవి. ఊరి బండ్లదారి వెళ్ళి పాత బొంబాయి రోడ్డులో కలిసేది. అక్కణ్ణుంచి గోపన్‌పల్లి మలుపు దాకా రోడ్డు ఖాళీగా, చాలా దూరం తిన్నగా ఉండేది. మా ఆయన బండ్లన్నిటినీ అక్కడే పరిగెత్తించేవాడు.

మా ఫ్యాక్టరీ అంతకుముందు వేరే కంపెనీలకు సైలెన్సర్లూ ఫ్రేములూ చేసిచ్చేది. మా యజమానికి సొంత బండి చెయ్యాలని పట్టుదల పుట్టింది. ఊళ్ళో తిరిగే బండ్లు దేశం నిండా ఉన్నాయి, విజయవాడ దాకా వెళ్ళొస్తే నడుము పడిపోకుండా ఉండే బండి ఒక్కటీ లేదు అనేవాడు. రేసు బండిలా పరిగెత్తాలి, మొగుడూ పెళ్ళాం సామానుతో పొద్దున బయల్దేరితే సాయంత్రానికి నవ్వుతూ దిగాలి. కాగితాల మీద దానికొక నెంబరు ఉండేది కానీ షెడ్డులో అందరూ దూరం బండి అనేవాళ్ళు. నేనూ అలాగే అంటాను.

చీఫ్ గారి గురించి మంచి ముందే చెప్పేస్తాను, తర్వాత ఎలాగూ ఆయన మీద కోపం తెచ్చుకుంటాను కాబట్టి. బండి అంటే ఆయనకి ప్రాణం. గుంటూరు వైపు మనిషి, మృదువుగా మాట్లాడేవారు, ఎంత చిన్న ఫిట్టరునైనా అండీ అనేవారు. డ్రాయింగు బోర్డు పైన గోడకి విదేశీ పత్రికల్లోంచి కత్తిరించిన బొమ్మలు గుచ్చి పెట్టుకున్నారు. తోలు కోట్లు వేసుకున్న దొరలూ దొరసానులూ, ఇద్దరూ కాళ్ళు చెరోవైపు వేసి కూర్చుని, వెనక చక్రానికి ఇటొకటి అటొకటి సామాను పెట్టెలు. ఆయన వాటిని చూసి గుడ్డిగా దించలేదు. మన ఎండకి ఇంజను ఎలా చల్లబడాలి, ఎద్దుల బండ్ల గాడిలో చక్రం పడితే ఏమవ్వాలి అని నెలల తరబడి తల బద్దలుకొట్టుకున్నారు. మొదటి ఫ్రేము మెడ దగ్గర బీటలిచ్చింది. రెండోదాని మీద ఇంజను వేడికి మా ఆయన మోకాళ్ళ కింద బొబ్బలెక్కాయి. మూడో ఫ్రేముకి బండి దారిలోకి వచ్చింది, అది తిన్నగా పోతుంటే చూడడానికి మాకందరికీ పండగలా ఉండేది.

దసరాకి షెడ్డులో ఆయుధపూజ చేశాం. లేతులకీ డ్రిల్లులకీ పసుపు కుంకుమలు పెట్టి, దూరం బండికి బంతిపూల దండ వేసి, చక్రం కింద నిమ్మకాయ పెట్టాం. యజమాని భార్య కొబ్బరికాయ కొట్టింది. ఒకసారి కూర్చుని చూడమని యజమాని అంటే ఆవిడ వెనక సీటు మీద, మామూలుగా మన ఆడవాళ్ళం కూర్చున్నట్టే, ఎడమవైపుకి తిరిగి కూర్చుంది. కాళ్ళు వెళ్ళి సామాను పెట్టెకి తగిలాయి. కాళ్ళెక్కడ పెట్టుకోవాలండీ అని ఆవిడ చాలా మర్యాదగానే అడిగింది. మొగుడూ పెళ్ళాం కోసమని చేసిన బండి మీద పెళ్ళాం కాళ్ళకి చోటు లేదు.

ఆ వారమే చీఫ్ గారు మార్పులు గీశారు. ఎడమ పెట్టెని వెనక్కి, కాస్త పైకి జరిపారు, వెనక చక్రం ఇరుసు దాటేదాకా. దాని ముందు ఆడవాళ్ళ పాదాలకి ఒక రేకు పలక, చీర చక్రంలో పడకుండా కమ్మీల గార్డు. కుడి పెట్టెని కూడా అంతే వెనక్కి జరిపారు, బరువు రెండువైపులా సమానంగా ఉండాలి కదా. వాటికి సిరా పెట్టింది నేనే. బొమ్మలో చూస్తే అంతా ముచ్చటగా ఉంది.

తర్వాత బరువుతో పరీక్షలు. వెనక సీటు మీద ఒక ఆడమనిషి బరువున్న ఇసుక బస్తాని నడిమధ్యన పెట్టి తాళ్ళతో బిగించేవాళ్ళు. పెట్టెల్లో కూడా ఇసుకే. మా ఆయన ఆ బస్తాని వేసుకుని పాత బొంబాయి రోడ్డు మీద ఎంత వేగంగా పోయినా బండి చెక్కుచెదరలేదు. బస్తా బదులు ఒక ఫిట్టరు కూర్చున్నాడు, కాళ్ళు చెరోవైపు వేసుకుని. అప్పుడూ ఏమీ కాలేదు. ఆడమనిషిని కూర్చోబెట్టి చూడాలన్న ఊహ ఎవరికీ రాలేదు. వచ్చినా పరాయి ఇంటి ఆడదాన్ని ఆ వేగానికి ఎవరు కూర్చోమంటారు? వెనక ఆడవాళ్ళుంటే ఎవడైనా నెమ్మదిగానే పోతాడని చీఫ్ గారి నమ్మకం. ఆయన తన భార్యని స్కూటరు మీద సైకిళ్ళకి దారిస్తూ తీసుకెళ్ళేవారు. లోకంలో మొగుళ్ళందరూ తనలాంటివాళ్ళే అనుకున్నారు.

మా ఆయన అలాంటి మొగుడు కాదు. ఒక ఆదివారం పొద్దున, చీఫ్ గారి అనుమతితోనే, నన్ను దూరం బండి మీద అత్తగారి దగ్గరికి తీసుకెళ్ళాడు. పెట్టెల్లో మామూలు సామాను, మా అత్తగారికి బొంత కుట్టుకోవడానికి పాత బట్టలూ, బెల్లమూ. లింగంపల్లి దాటి పాత బొంబాయి రోడ్డు ఎక్కేసరికి గాలి హాయిగా ఉంది. గోపన్‌పల్లి మలుపు దాటాక రోడ్డు ఖాళీ చూసి ఆయన యాక్సిలేటరు తిప్పాడు. నాకూ సరదాగానే ఉంది, ఆపమని నేనూ అనలేదు.

స్పీడు మీటరు ముల్లు తొంభై మీదికి వచ్చినప్పుడు నా కింద సీటు మెల్లగా కుడికి పోయింది. తర్వాత ఎడమకి. మళ్ళీ కుడికి, ఈసారి ఇంకొంచెం ఎక్కువ. నడిచే గేదె నడుములా బండి వెనకభాగం ఊగడం మొదలెట్టింది. ఆ ఊపు ప్రతిసారీ పెరుగుతోంది. మా ఆయన భుజం నా చేతికింద రాయిలా బిగుసుకుపోయింది. పక్కన బండరాళ్ళు పరిగెడుతున్నాయి, వాటికి కొట్టుకుని చచ్చిపోతామని నాకు చాలా స్పష్టంగా అనిపించింది. ఆయన బ్రేకు వెయ్యలేదు. యాక్సిలేటరు మెల్లమెల్లగా వదిలాడు, ఊపు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. రోడ్డు పక్కన కాసేపు బండి నిలిపి, మళ్ళీ మెల్లగా బయల్దేరాం.

ఇంటికెళితే మా అత్తగారు నా మొహం చూసి, ఏమైంది బిడ్డా, గిట్ల తెల్లబోయినవ్ అని చెంబుతో నీళ్ళిచ్చింది. ఎండ తగిలిందత్తయ్యా అన్నాను. కొడుకు ఏ పని చేసి నెల జీతం తెస్తున్నాడో ఆవిడకి సగమే తెలుసు, మిగతా సగం తెలియడం నాకిష్టం లేదు.

మర్నాడు మా ఆయన చీఫ్ గారికి అంతా చెప్పాడు. ఆయన తేలిగ్గా తీసుకోలేదు. టైర్లలో గాలి చూశారు, చక్రాల స్పోకులు చూశారు, వెనక చక్రాన్ని పట్టుకునే చేతుల బోల్టులు విప్పించి మళ్ళీ బిగింపించారు. ఇసుక బస్తాతో మా ఆయన్ని మళ్ళీ పంపారు. ఏమీ కాలేదు. ఫిట్టరుని కూర్చోబెట్టి పంపారు. ఏమీ కాలేదు. సాయంత్రం నా బల్ల దగ్గరికి వచ్చి, ఎంతో సౌమ్యంగా, భయపడి వెనక్కో పక్కకో జరిగావేమోనమ్మా, వెనక మనిషి కదిలితే ఎంత మంచి బండైనా ఊగుతుంది అన్నారు. లేదండీ, కదల్లేదండీ అన్నాను. అవునవును, తెలియకుండా కదులుతామమ్మా, నీ తప్పేం కాదులే అన్నారు. క్షమించినట్టు మాట్లాడారు చూడండి, అరికాలి మంట నెత్తికెక్కింది.

అయినా ఆ మాట పరాయివాళ్ళది, సర్దుకోవచ్చు. ఆ సాయంత్రం ఇంట్లో మా ఆయన అన్నం కలుపుకుంటూ, కళ్ళెత్తకుండా అడిగాడు.

"నిజంగ చెప్పు. నువ్వు జర గిట్ల కదిలినవా?"

నేను కంచం ముందు నుంచి లేచిపోయాను. నా కోపం ముక్కు మీదే ఉంటుందని మా పుట్టింట్లో అందరికీ తెలుసు, ఆయనకి ఆ రోజు తెలిసింది. కోపమొక్కటే అయితే బాగుండేది. బండి ఊగినప్పుడు ఆయన భుజం వదలకుండా, చీర మడతైనా కదపకుండా, చస్తే ఇద్దరం కలిసే చస్తాం అనుకుంటూ కూర్చున్న మనిషిని నేను. నన్నడిగాడా ఆ మాట? నాకు చాలా ఏడుపొచ్చింది. ఆయనకి వినపడేలాగే ఏడ్చాను.

అది అక్కడితో ఆగిపోయినా బాగుండేది. కానీ యజమాని డీలర్లని పిలిచాడు. బొంబాయి నుంచీ మద్రాసు నుంచీ వస్తారు, బండి పరుగు చూస్తారు, నచ్చితే తీసుకుంటారు. లేకపోతే మళ్ళీ సైలెన్సర్లు చేసుకోవడమే. పరుగు అదే రోడ్డు మీద. అప్పుడు యజమానికో ఆలోచన వచ్చింది. ఇది మొగుడూ పెళ్ళాల బండి కదా, ఆ రోజు మనవాడి వెనక వాళ్ళావిడే కూర్చోవాలి, మంచి పట్టుచీర కట్టుకుని, పెట్టెల నిండా సామానుతో, డీలర్ల ముందు నుంచి ఫుల్లు స్పీడులో దూసుకుపోవాలి. షెడ్డులో అందరూ చప్పట్లు కొట్టారు.

మా ఆయన మొహం చూశాను. ఆయనకీ తెలుసు. కాదంటే బండిలో లోపముందని డీలర్లకి పొక్కుతుంది, ఇన్నాళ్ళ పని మట్టిపాలవుతుంది, ఆయన ఉద్యోగమూ పోతుంది. సరేనంటే ఆ వేగంలో ఆ బండి ఏం చేస్తుందో తెలిసినవాళ్ళం మేమిద్దరమే. ఫ్యాక్టరీలో శిరస్త్రాణం ఒక్కటే ఉండేది, అది నడిపేవాడికి. పట్టుచీర కట్టుకున్న మనిషికి కొంగే శిరస్త్రాణం.

ఇంట్లో ఆయన, ఫికర్ చెయ్యకు, నేను జర తక్కువనే పోత అన్నాడు. యజమాని పక్కన స్టాప్‌వాచీలు పట్టుకుని డీలర్లు నిలబడితే ఈయన తక్కువగా పోతాడట. ఆయన్ని నేను అప్పటికి బాగానే ఎరుగుదును. మనిషి ఎంత మంచివాడో, చేతిలో యాక్సిలేటరు పడితే అంత మొండివాడు.

మర్నాడు నేను చీఫ్ గారి బోర్డు ముందు నిలబడ్డాను. నన్ను కూర్చోబెట్టి ముందే ఒకసారి పరీక్ష చెయ్యండి అన్నాను. మీరు రోడ్డు పక్క నుంచి చూడండి, నేను కదిలానో లేదో మీ కళ్ళతో చూడండి. ఆయన తల అడ్డంగా ఊపారు. నీకేమన్నా అయితే మీ నాన్నగారికి ఏం సమాధానం చెప్పను అన్నారు. అసలు ఊగదు, అయినా వద్దు అన్నారు. ఊగనప్పుడు భయమెందుకండీ అన్నాను.

"పదిమంది ముందు పడితే పరవాలేదు, ఎవరూ లేనప్పుడు పడకూడదు. అంతేనాండీ?"

ఆ మాటకి ఆఫీసులో పెన్సిళ్ళు ఆగిపోయాయి. పెద్దవాళ్ళతో అలా మాట్లాడే అలవాటు అప్పుడు ఎవరికీ లేదు. చీఫ్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, పెట్టుకున్నారు. గోడ మీద గుచ్చిన దొరసానుల బొమ్మల వైపు చూశారు. ఇసుక బస్తాకి కాళ్ళుండవు అని తనలో తను అనుకున్నట్టు అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, నువ్వెలా కూర్చుంటావో నాకు చూపించమ్మా, రేపు నేను కూర్చుంటాను అన్నారు.

నవ్వొచ్చే మాటే. ఎవరూ నవ్వలేదు.

పొద్దున్నే జీపులో చీఫ్ గారూ నేనూ, బండి మీద మా ఆయన, నానక్‌రామ్‌గూడ దారి రోడ్డులో కలిసే చోటుకి చేరాం. పెట్టెల్లో ఇసుక నింపాం. నేను సీటు ఎక్కి చూపించాను. నడుము నిటారుగా ఉండాలి, బరువంతా ఎడమ తుంటి మీదికి వెళుతుంది, వెళ్ళనివ్వండి, ఆపుకోవద్దు. పాదాలు రెండూ పలక మీద. కుడిచెయ్యి ఆయన భుజం మీద, వేళ్ళు లోపలికి. మలుపులో ఆయన వంగితే మీరు వంగకండి, మేం వంగం. చీఫ్ గారు ప్యాంటు మడుచుకుని ఎక్కారు. రెండుసార్లు జారారు. సీటు మీద ఇలా సగం వేలాడుతూ వందమైళ్ళు ఎలా వెళతారమ్మా అని అడిగారు. ఆ గొంతులో వెటకారం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. వెళతామండీ అన్నాను.

మా ఆయన తన శిరస్త్రాణం తీసి ఇవ్వబోతే ఆయన వద్దన్నారు. తువ్వాలు తలకి చుట్టుకున్నారు. బండి కదిలే ముందు చేతి గడియారం విప్పి నా చేతిలో పెట్టారు. ఊగాలని కోరుకోవాలా, ఊగకూడదని కోరుకోవాలా? ఊగితే నా మాట నిజం. ఊగితే ఆ బండి మీద ఉన్నది నా మొగుడు. నేను కదల్లేదని రుజువు కావాలంటే ఆయన చావు అంచుదాకా పోయి రావాలి. అప్పుడే నా పౌరుషం మీద నాకు విరక్తి పుట్టింది. ఆపేయండి అందామని నోరు తెరిచాను, ఇంజను మోతలో నా మాట నాకే వినపడలేదు.

మొదటిసారి మెల్లగా వెళ్ళి వచ్చారు. రెండోసారి ఇంకొంచెం వేగంగా నా ముందు నుంచి వెళ్ళారు. చీఫ్ గారు నేను చెప్పినట్టే బొమ్మలా కూర్చున్నారు, తువ్వాలు కొస మాత్రం ఎగురుతోంది. అటు చివర తిరిగి ఇంకోసారి వచ్చారు. ఈసారి మోత వేరు. మా ఆయన ముందుకి వంగాడు. నా ముందు నుంచి బండి దూసుకుపోయి బండరాళ్ళ గుట్ట చాటుకి మళ్ళింది. మోత సన్నగా, ఇంకా సన్నగా వినిపిస్తోంది. జీపు డ్రైవరు బీడీ వెలిగించబోయి ఆగాడు. మోత ఒక్కసారిగా పెద్దగా గీపెట్టి, తెగిపోయింది.

నేను పరిగెత్తాను. చెప్పు తెగితే వదిలేశాను. వెనక నుంచి జీపు వచ్చి డ్రైవరు ఎక్కమని అరుస్తున్నా నాకు తలకెక్కలేదు, చివరికి అతనే దిగి రెక్క పట్టుకుని ఎక్కించాడు. గుట్ట దాటాక రోడ్డు మీద నల్లటి చార కనిపించింది. కుడికీ ఎడమకీ ఊగుతూ ఊగుతూ వెళ్ళి, కోసేసిన జొన్న చేలోకి దిగింది. బండి పక్కకి పడి చక్రం ఇంకా తిరుగుతోంది. మా ఆయన గట్టు మీద కూర్చుని చీలమండ పట్టుకున్నాడు. బతికి ఉన్నాడు.

చీఫ్ గారు జొన్న మోళ్ళ మధ్య వెల్లకిలా పడున్నారు. కళ్ళజోడు లేదు, చొక్కా చిరిగింది, కుడిచెయ్యి వంకరగా ఒంటికింద ఉంది. దగ్గరికి వెళ్ళి వంగితే నన్ను గుర్తుపట్టడానికి కళ్ళు చిట్లించారు. నొప్పితో పళ్ళు బిగపట్టి ఒక్క మాటే అన్నారు.

"నువ్వు కదల్లేదమ్మా."

నేను ఏడ్చేశాను. ఆయన చెయ్యి విరిగిందన్న ఏడుపా, మొగుడు బతికాడన్న ఏడుపా, ఆ మాట కోసం వారం నుంచీ లోపల పెట్టుకున్న ఏడుపా అంటే, అన్నీ. మా ఆయన గట్టు మీద నుంచే విన్నాడు. తల వంచుకుని చేలో మట్టి వేళ్ళతో కెలుకుతూ ఉండిపోయాడు.

దవాఖానలో చీఫ్ గారి చేతికి మోచేతి పైదాకా పట్టీ కట్టారు. మా ఆయన కాలు బెణికింది, విరగలేదు. యజమాని వచ్చి మండిపడ్డాడు. డీలర్లకి కబురు వెళ్ళిపోయింది, వెనక మగవాణ్ణి కూర్చోబెట్టి పరుగు చూపిద్దాం, అయిపోతుంది అన్నాడు. చీఫ్ గారు అంత గట్టిగా మాట్లాడడం నేను అప్పుడే విన్నాను. కొనేవాళ్ళ వెనక కూర్చునేది మగవాడు కాదండీ అన్నారు. డీలర్లని ఆపమన్నారు, ఆపకపోతే వాళ్ళకి తనే చెబుతానన్నారు. యజమాని విసురుగా వెళ్ళిపోయాడు కానీ డీలర్లని ఆపాడు.

కుడిచెయ్యి పట్టీలో ఉండడంతో చీఫ్ గారు కొత్త ఫ్రేము నోటితో చెప్పారు, నేను గీశాను. కారణం ఆయనే విప్పి చెప్పారు. ఒకవైపు కూర్చున్న మనిషి బరువు పక్కకి వేలాడుతుంది. దాన్ని నిలబెట్టడానికి నడిపేవాడు తెలియకుండానే రెండోవైపు వాలతాడు. పెట్టెలు ఇరుసు దాటి వెనక వేలాడుతున్నాయి కాబట్టి ముందు చక్రం రోడ్డు మీద తేలికవుతుంది. వేగం పెరిగితే అది దారి తప్పుతుంది, వెనకభాగం దాన్ని ఊపేస్తుంది. ఇసుక బస్తా నడిమధ్యన బుద్ధిగా కూర్చుంటుంది కాబట్టి ఏనాడూ ఈ సంగతి చెప్పలేదు. ఎడమ పెట్టెని తీసేశాం. కుడి పెట్టెని ముందుకి తెచ్చాం, ఆడమనిషి కాళ్ళ బరువుకి అది సరిజోడు అయింది. వెనక చక్రాన్ని పట్టుకునే చేతుల్ని పొడుగు చేసి, వాటి మొదట్లో అడ్డకమ్మీ వేశాం. పాదాల పలక ఎక్కడుండాలో తేల్చడానికి ఆయన నన్ను స్టూలు మీద పక్కకి కూర్చోమని, చాలాసేపు చూసి, గీత మార్పించేవారు. రెండువైపులా ఒకేలా లేని బండిని నేను ఎక్కడా చూడలేదు. గోడ మీది దొరసానుల బొమ్మల్ని ఒకరోజు ఆయనే ఎడమచేత్తో తీసేశారు.

ఆ బండి బజారులో ఎక్కువకాలం బతకలేదు. పెట్రోలు ధర పెరిగి జనం చిన్న బండ్ల వైపు మళ్ళారు, మేం అమ్మినవి కొన్నే. దాని గురించి ఇప్పుడు నాకు బాధ లేదు. నాకు కావలసిన రోజు నాకు దొరికింది, అది డీలర్లు రాకముందు వచ్చింది.

కొత్త ఫ్రేముతో చివరి పరీక్ష. ఇసుక బస్తాతో, ఫిట్టరుతో, ఆఖరికి పట్టీ విప్పిన చీఫ్ గారితో, ఒకవైపు కూర్చోబెట్టి అన్నీ అయ్యాయి. ఆయనకి అప్పటికి ఆ కూర్చోవడం బాగా అలవాటైపోయింది. ఇక నేను కూర్చుంటానన్నాను. ఈసారి ఎవరూ వద్దనలేదు. మా ఆయన మాత్రం బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, ప్రతి బోల్టూ చేత్తో తడిమాడు. ఆ కంచం దగ్గర అడిగిన మాట గురించి ఆయన అప్పటిదాకా ఏమీ అనలేదు, నేనూ ఎత్తలేదు. కూరలు వండాను, పలకరిస్తే పలికాను. కానీ మనసులో అది అలాగే ఉంది, అబద్ధమెందుకు.

గోపన్‌పల్లి మలుపు దాటాం. ముల్లు ఎక్కుతోంది. ఆ రోజు ఊపు మొదలైన చోటు నాకు గుర్తుంది, ఒక రాయి మీద ఇంకో రాయి బోర్లించినట్టున్న గుట్ట. అది దగ్గరవుతుంటే నా చెయ్యి ఆయన భుజాన్ని దానంతటదే గట్టిగా పట్టుకుంది. గుట్ట పక్కకి వచ్చింది, ముల్లు తొంభై దాటింది. బండి గీత గీసినట్టు పోతోంది.

అప్పుడు నేను ఆయన భుజం మీంచి చెయ్యి తీశాను. ఎగురుతున్న కొంగు లాక్కుని రెండోసారి దోపుకున్నాను. సీటు మీద ఇటు జరిగాను, అటు జరిగాను. నడుము తిప్పి వెనక్కి వెళ్ళిపోతున్న గుట్టని తీరిగ్గా చూశాను. బండి కొంచెమైనా తొణకలేదు.

నానక్‌రామ్‌గూడ దారి దగ్గర ఆయన బండి ఆపాడు. శిరస్త్రాణం తీసి, చెమట తుడుచుకుని, ఇగ మంచిగుంది బండి, నువ్వు గూడ రాయి లెక్క కూసున్నవ్ అన్నాడు.

"లేదండీ. కదిలాను. కావాలనే కదిలాను."

ఆయన నా వైపు తిరిగి చూశాడు. కళ్ళు ఎర్రబడ్డాయి, దుమ్ము పడిందేమో అనుకుందామన్నా ఆ రోజు గాలే లేదు. శిరస్త్రాణం నా చేతికిచ్చాడు.

"గా దినం గట్ల అడగకుండ ఉండాల్సింది. ఇది నువ్వు పెట్టుకో. పోయేటప్పుడు గూడ మంచిగ కదులు."

పెట్టుకున్నాను. నా తలకి అది చాలా పెద్దది, నుదుటి మీదికి జారి కళ్ళు మూసేస్తోంది. అత్తగారి ఇల్లు వచ్చేదాకా ఒక చేత్తో దాన్ని పైకి తోసుకుంటూ, సీటు మీద ఇటూ అటూ జరుగుతూనే ఉన్నాను.